పది నెలల ఆట, పది రోజుల ఆట

తెల్లవారుజామున ఐదున్నరకు ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తే ముందు చెవిన పడేది బూట్ల చప్పుడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసేవాళ్లు, పక్కన ఫోన్‌లో టైము చూస్తూ "ఇంకో రౌండు, ఇంకో రౌండు" అని అరిచే దోస్తులు, చెవుల్లో కరెంట్ అఫైర్స్ పెట్టుకుని నడిచే గ్రూప్స్ అభ్యర్థులు, తార్నాక వైపు నుంచి వచ్చే మాలాంటి వాకర్లు. ఈ సందడి దాటి కొంచెం లోపలికి వెళ్తే సిమెంటు నేల మీద బంతి పడి లేచే చప్పుడు వినిపిస్తుంది. ఏడెనిమిది మంది కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటారు. రింగుకు నెట్ ఉండదు. బంతి రింగులోంచి దిగినా పక్క నుంచి జారినా ఒకేలా ఉంటుంది. అందుకే షూట్ చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు "పడ్డది" అనో "పడలే" అనో సాక్ష్యం చెప్పాలి.

వాళ్లలో ఆరడుగుల మూడంగుళాల కుర్రాడొకడు ఉన్నాడు. పీజీ చదువుతున్నాడు, యూనివర్సిటీ జట్టులో ఆడాడు. ఆట అయ్యాక కోర్టు అంచున కూర్చుని చీలమండకు చుట్టిన క్రేప్ బ్యాండేజీని జాగ్రత్తగా విప్పి, చుట్ట చుట్టి, సంచీలో పెట్టుకుంటాడు. మళ్లీ రేపు అదే కట్టుకోవాలి. ఒకరోజు నన్నడిగాడు: "సార్, యూరప్‌ల ఆడెటోళ్లకు ఇల్లు, కారు క్లబ్బే ఇస్తదంట. నిజమేనా?"

నిజమే. ఆ ఒక్క మాటతో ఆగకుండా ఆ జీవితం మొత్తం ఎలా నడుస్తుందో, అలాంటిది మన దగ్గర ఎందుకు లేదో, ఉన్నదాని విలువ ఎంతో ఒకచోట పెట్టి చూడాలనిపించింది.

యూరప్ క్లబ్ ఆటగాడి ఏడాది ఆగస్టు మధ్యలో మొదలవుతుంది. మొదటి రెండు రోజులు వైద్య పరీక్షలు. గుండె, మోకాళ్లు, పాత గాయాలు అన్నీ చూస్తారు. ఇందులో తప్పితే సంతకం పెట్టిన ఒప్పందం కూడా నిలవదు. ఆ తర్వాత ఐదారు వారాలు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి సాధన. సెప్టెంబరు చివర్లో దేశపు లీగ్ మొదలవుతుంది. పెద్ద క్లబ్బయితే దానితోపాటే యూరోలీగ్. 2025-26 సీజన్లో యూరోలీగ్‌లో 20 జట్లు, అంటే ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. స్పెయిన్ లీగ్‌లో 18 జట్లు, 34 మ్యాచ్‌లు. రియల్ మాడ్రిడ్‌లో ఆడేవాడికి ప్లే-ఆఫ్‌లు కలపకుండానే 72 అయ్యాయి. మంగళవారం ఏథెన్స్‌లో ఆడితే గురువారం ఇంకో దేశంలో, ఆదివారం సొంత లీగ్‌లో. మే నెలాఖరున యూరప్ ఫైనల్స్, జూన్‌లో దేశపు ఫైనల్స్. మొత్తం పది నెలలు.

మ్యాచ్ ఉన్నరోజు చేసేవి చాలా తక్కువ, కానీ ఒకదాని తర్వాత ఒకటి ఖచ్చితంగా జరగాలి. పొద్దున కోర్టులో గంటసేపు తేలికపాటి షూటింగు, ఎదుటి జట్టు ఆటను వీడియోలో చూడటం, మధ్యాహ్నం భోజనం, రెండు గంటల నిద్ర. రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మ్యాచ్. అయ్యాక కాళ్లు ఐసులో. ఒంట్లో వేడి చల్లారి నిద్ర పట్టేసరికి రెండు దాటుతుంది. తెల్లారితే విమానం. నవంబరు, ఫిబ్రవరిలో లీగ్‌కు విరామమిచ్చినా సొంత దేశం జట్టు పిలుపు వస్తే అక్కడికి పరుగెత్తాలి.

ఇది పెద్ద క్లబ్బుల సంగతి. యూరప్‌లో ఎక్కువమంది ఆటగాళ్లు బతికేది చిన్న ఊళ్ల క్లబ్బుల్లో, రెండో మూడో డివిజన్లలో. అక్కడ ఒప్పందం సాధారణంగా ఒక్క ఏడాదికి. అందులో జీతం పక్కన ఇల్లు, చిన్న కారు, రానుపోను టికెట్లు రాసి ఉంటాయి. పన్ను క్లబ్బే కట్టుకుని చేతికొచ్చే మొత్తం ఇంత అని చెప్పే పద్ధతి అక్కడ మామూలు. మన కుర్రాడు విన్నది ఇదే. కాని ఇల్లు ఇచ్చేది ఆటగాడు ఆ ఊళ్లో పది నెలలే ఉంటాడు కాబట్టి. డిసెంబరులో నాలుగు మ్యాచ్‌లు వరుసగా ఓడితే ఆ ఇంటి తాళం ఇంకొకడి చేతికి పోవచ్చు. సాయంత్రం నాలుగింటికే చీకటిపడే ఊళ్లో, భాష రాని అంగళ్ల మధ్య, వచ్చే ఏడాది ఎక్కడుంటామో తెలియకుండా ముప్ఫై ఐదో ఏడు దాకా గడిపేవాళ్లున్నారు. జీతాలు ఆగిపోవడం ఎంత మామూలంటే, అలాంటి తగాదాలు తీర్చడానికి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, ఫిబా, 2007లో ప్రత్యేకంగా ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ పెట్టాల్సి వచ్చింది. ఆ ట్రిబ్యునల్ ఉందన్న సంగతి నాకు రెండు విషయాలు చెబుతుంది. అక్కడ ఆటగాడిని మోసం చేస్తారు. మోసపోయిన ఆటగాడు వెళ్లి అడగడానికి ఒక తలుపుంది. మన దగ్గర మొదటిది ఉంది, రెండోది లేదు.

ఆ తలుపులు ఎవరో దయతో తెరిచినవి కావు. 1995 డిసెంబరులో బెల్జియం ఫుట్‌బాలర్ బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఐరోపా సమాఖ్య దేశాల ఆటగాడు సమాఖ్యలో ఏ దేశపు క్లబ్బుకైనా స్వేచ్ఛగా వెళ్లగలిగాడు. ఐదేళ్లకు బాస్కెట్‌బాల్‌కే ఒక కేసు వచ్చింది. ఫిన్లాండ్‌కు చెందిన లెహ్తొనెన్ అనే ఆటగాడిని గడువు దాటాక చేర్చుకుని ఆడించినందుకు ఒక బెల్జియం క్లబ్బు మ్యాచ్ పోగొట్టుకుంది. క్లబ్బూ ఆటగాడూ కలిసి కోర్టుకెక్కారు. 2000లో వచ్చిన తీర్పు బాస్కెట్‌బాల్ ఆడటాన్ని ఒక వృత్తిగా, ఆటగాడిని ఒక కార్మికుడిగా చూసింది. ఆట గురించి మన దగ్గర జరిగే చర్చల్లో ఈ మాట దాదాపు వినిపించదు. మనం ఆటగాడిని వీరుడంటాం, బిడ్డ అంటాం, గర్వకారణం అంటాం. కార్మికుడు అని మాత్రం అనం.

అలాంటి పది నెలల సీజన్ పిల్లలకు ఏం చేస్తుందో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. స్లొవేనియా పిల్లవాడు లూకా డాంచిచ్ పదమూడేళ్లకు, 2012లో, రియల్ మాడ్రిడ్ పిల్లల జట్టులో చేరాడు. 2015లో పదహారేళ్లకు పెద్దల జట్టులో ఆడాడు. 2018లో యూరోలీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ పోటీలో ఉత్తమ ఆటగాడూ అతడే. అప్పటికి పందొమ్మిదేళ్లు. యానిస్ ఆంటెటొకొంపో ఏథెన్స్ వీధుల్లో సామాన్లు అమ్మిన వలస కుటుంబం పిల్లవాడు. 2013లో అమెరికా వృత్తి లీగ్ జట్టు అతన్ని ఎంచుకున్నప్పుడు ఆడుతున్నది గ్రీస్ రెండో డివిజన్‌లో. రెండో డివిజన్ అన్న సంగతి గమనించాలి. అక్కడ కూడా ప్రతి వారం మ్యాచ్ ఉంది, ఎవరో ఒకరు వచ్చి చూసే వీలుంది. లిథువేనియా జనాభా ముప్ఫై లక్షల లోపు, మన హైదరాబాదులో సగం కూడా ఉండదు. అక్కడి కౌనాస్ పట్టణంలో జాల్గిరిస్ క్లబ్బు 1944 నుంచి ఉంది. 2011లో తెరిచిన దాని హాల్లో పదిహేను వేలమంది పడతారు.

ఇక మన కుర్రాడి ఏడాది. కాలేజీల మధ్య పోటీలు, వాటిలో ఎంపిక, కొన్ని రోజుల శిబిరం, తర్వాత స్లీపర్ బోగీలో దక్షిణ మండల విశ్వవిద్యాలయాల పోటీలకు ప్రయాణం. అక్కడ మొదట జరిగేది నాకౌట్. 64 జట్లు వచ్చాయనుకోండి, మొదటి మ్యాచ్‌తోనే 32 జట్లు సంచులు సర్దుకుంటాయి. ఏడాదంతా తెల్లవారుజామున లేచిన పిల్లలకు ఆ ఏడాదికి దక్కిన పెద్ద పోటీ నలభై నిమిషాలు. గెలిచినవాళ్లకు మహా అయితే పది రోజులు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. డబ్బు, ఎత్తు, తిండి, వీటి గురించి అందరూ మాట్లాడతారు. పోటీ నిర్మాణం గురించి ఎవరూ మాట్లాడరు. స్పెయిన్ లీగ్‌లో చిట్టచివర ఉన్న జట్టుకూ 34 మ్యాచ్‌లు దొరుకుతాయి. మన నాకౌట్‌లో నేర్చుకోవాల్సిన అవసరం ఎక్కువున్న జట్టే అందరికంటే ముందు రైలెక్కుతుంది. ఓడినవాడు వచ్చే వారం ఆ తప్పు దిద్దుకునే అవకాశం లేదు, వచ్చే ఏడాదే.

నేనూ ఒకప్పుడు కాలేజీ జట్టులో ఆడాను. ఒక పోటీలో లే-అప్‌కు ఎగిరి దిగినప్పుడు మోకాలు తిరిగింది. కోర్టు పక్కన డాక్టరు లేడు, ఐసు కూడా లేదు. ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకు బండి అతను తన పెట్టెలోని ఐసు గడ్డ పగలగొట్టి తువ్వాలులో చుట్టి ఇచ్చాడు. రెండో మ్యాచ్ లేదు కాబట్టి నేను ఆడలేనన్న సంగతి జట్టుకు నష్టం కూడా కాలేదు. పది నెలల సీజన్ ఉన్నచోట ఆటగాడి మోకాలు క్లబ్బు ఆస్తి. పది రోజుల ఆటలో అది ఆటగాడి సొంత వ్యవహారం.

మరి మనకేమీ లేదా? ఉంది. దాన్ని చిన్నచూపు చూడటం నాకు ఇష్టం లేదు. తార్నాక నుంచి లాలాగూడ వైపు వెళ్తే దారిలోనే రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ ఉంది. అక్కడి షటిల్ కోర్టుల్లో కోచ్ మహబూబ్ అలీ దగ్గర ఒక చిన్నపిల్ల మొదటి పాఠాలు నేర్చుకుంది. పేరు పి.వి. సింధు. ఆమె తండ్రి పి.వి. రమణ రైల్వే ఉద్యోగి, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. రైల్వే క్రీడాకోటా ఉద్యోగం ఆ ఇంటికి నెలజీతం, క్వార్టరు, కోర్టులకు దగ్గరలో బతికే వీలు ఇచ్చింది. ఆ నేల మీద నిలబడి తర్వాతి తరం ఎగిరింది. అయితే సింధు పూర్తిగా ఎదిగింది బ్యాడ్మింటన్‌కు ప్రపంచమంతా తిరిగే సంవత్సర క్యాలెండరు ఉండబట్టి. మార్చిలో ఆల్ ఇంగ్లండ్, అక్టోబరులో డెన్మార్క్, ఓడినా వచ్చే వారం ఇంకో దేశంలో ఇంకో టోర్నీ. తండ్రి ఆడిన ఆటలో భారతదేశంలో అప్పటికి అలాంటిదేమీ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఫుట్‌బాల్ కనిపిస్తుంది. ఉస్మానియాలో చదివిన ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆ జట్టు ఆటగాళ్లను నిలబెట్టింది పోలీసు ఉద్యోగాలు. కాబట్టి ప్రభుత్వోద్యోగం ఆటను చంపుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రహీం కాలంలో ఆ ఉద్యోగమే క్లబ్బు పని చేసింది. రోవర్స్, డ్యూరాండ్ లాంటి పెద్ద పోటీలు ఆటగాడి ఏడాదికి ఒక రూపమిచ్చాయి. ఇప్పుడు ఉద్యోగం మిగిలింది, ఆ రూపం పోయింది. క్రీడాకోటాలో చేరిన బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆఫీసుల మధ్య పోటీలకు, జాతీయ పోటీలకు సెలవు మీద వెళ్తాడు. మిగతా రోజుల్లో ఫైళ్లు చూస్తాడు.

రైల్వే ఉద్యోగం, విదేశీ సీజన్, రెండూ ఒకే జీవితంలో ఇమిడిన మనిషి గీతూ అన్నా జోస్. కేరళ అమ్మాయి, సదరన్ రైల్వే ఉద్యోగి. 2006లో ఆస్ట్రేలియా వెళ్లి రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకు ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగ్ జట్ల ట్రయల్స్‌కు వెళ్లింది. ఉద్యోగమనే ఆసరా ఉంది కాబట్టే ఆ సాహసం చేయగలిగిందని నా నమ్మకం. మగవాళ్లలో 2015లో సత్నామ్ సింగ్‌ను అమెరికా పురుషుల లీగ్‌లోని డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత రెండేళ్లు అతను కింది లీగ్‌లో ఎక్కువగా బెంచీ మీదే గడిపాడన్న సంగతి గురించి అంతగా మాట్లాడలేదు. దానికంటే నాకు అమృత్‌పాల్ సింగ్ కథ విలువైనది. పొలం పనుల నుంచి ఆలస్యంగా ఆటలోకి వచ్చి, జపాన్‌లో ఆడి, 2017-18లో సిడ్నీ కింగ్స్‌తో ఒక పూర్తి వృత్తి లీగ్ ఏడాది చూశాడు. అమ్‌జ్యోత్ సింగ్ అదే ఏడాది ఓక్లహోమా సిటీ బ్లూ జట్టులో ఆడాడు. వీళ్లందరూ వెళ్లింది ఆస్ట్రేలియాకు, జపాన్‌కు, అమెరికాకు.

యూరప్ క్లబ్ సీజన్ తెలుగువాళ్లకు మరీ తెలియనిదేమీ కాదు. కోనేరు హంపి మొనాకోలోని మోంటెకార్లో చెస్ క్లబ్బు తరఫున యూరప్ క్లబ్బుల పోటీల్లో ఆడింది. పెంటేల హరికృష్ణ 2015-16లో జర్మనీ చెస్ బుండెస్‌లీగా గెలిచిన సోలింగెన్ జట్టు సభ్యుడు. చదరంగం క్లబ్బు వారాంతానికి పిలిచి ఆడించి పంపగలదు. బాస్కెట్‌బాల్‌కు మనిషి అక్కడే ఉండాలి.

ఆడవాళ్ల పరిస్థితి వేరేగా చూడాల్సింది, ఇక్కడ రెండు మాటలే చెబుతాను. అమెరికా క్రీడాకారిణులకు చాలాకాలం సొంత లీగ్ కన్నా యూరప్ చలికాలమే అన్నం పెట్టింది. 2015లో డయానా టౌరాసి రష్యా క్లబ్బు ఇచ్చిన డబ్బుతో అమెరికా సీజన్ మొత్తం మానేసి విశ్రాంతి తీసుకుంది. అదే రష్యా క్లబ్బుకు ఆడేందుకు వెళ్లిన బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో అరెస్టయి డిసెంబరు దాకా ఇల్లు చూడలేదు. పరాయి దేశంలో పది నెలల జీవితం అంటే అందులో ఇది కూడా ఉంటుంది. ఉస్మానియా కోర్టులో ఆడే అమ్మాయిలు ఏడు గంటలకు ముందే ముగించి, ట్రాక్ ప్యాంటు మీదే బస్సెక్కి ఇంటికి పోతారు. వాళ్లకు కావలసిన మొదటి సౌకర్యం కోర్టు పక్కన బట్టలు మార్చుకునే గది.

తిండి గురించి ఒక మాట. క్యాంపస్‌ను ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దన్న హెచ్చరిక ఉంది. రోడ్డుకు ఈ వైపున మా కుర్రాడు ఆట అయ్యాక తార్నాక బండి దగ్గర నాలుగు ఇడ్లీలు, రెండు గుడ్లు తిని, మధ్యాహ్నం మెస్సులో అన్నం, సాంబారు తింటాడు. నెలాఖరున గుడ్లు ఒకటికి తగ్గుతాయి. దేశంలో తిండి గురించి అందరికన్నా బాగా తెలిసినవాళ్లకూ ఆ పిల్లలకూ మధ్య దూరం నడిచిపోయేంతే. వాళ్లను వీళ్ల దగ్గరికి నెలకొకసారి పిలిపించడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

సీజన్ పెట్టే ప్రయత్నాలు మన దగ్గరా జరిగాయి. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టుండేది. 2017 తర్వాత లీగే లేదు. 2025లో ఐఎన్‌బీఎల్ ప్రో పేరుతో ఆరు జట్ల లీగ్ వచ్చింది, అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ ఉంది. మంచిదే. కాని ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఊళ్లో ఆడకపోతే, పిల్లలు టికెట్ కొని తమ వీధివాడిని చూడకపోతే, అది టీవీ కార్యక్రమంగానే మిగిలిపోతుంది. కబడ్డీ సంగతి చూడండి. 2014లో ప్రో కబడ్డీ వచ్చేదాకా ఆ ఆట పల్లెల్లో ఉంది, రైల్వేల్లో ఉంది, సీజన్ లేదు. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొనుక్కుంది. ఆట మారలేదు, ఆటగాళ్ల ప్రతిభ రాత్రికి రాత్రి పెరగలేదు. ప్రతి ఏడాది ఇన్ని వారాలు, ఇన్ని మ్యాచ్‌లు తప్పకుండా ఉంటాయన్న నమ్మకం వచ్చింది.

అంత డబ్బు మనకు అక్కర్లేదు. నా ప్రతిపాదన చిన్నది. ఉస్మానియా, దాన్నానుకుని ఉన్న ఇఫ్లూ, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ, గచ్చిబౌలి హెచ్‌సీయూ, వీటికి తోడు రైల్వే, పోలీసు, బ్యాంకు, ఒక పాత క్లబ్బు. ఎనిమిది జట్లు. ఒక్కో జట్టుకు ప్రతి శనివారం ఒక మ్యాచ్, ఒకసారి మన కోర్టులో, ఒకసారి వాళ్ల కోర్టులో. పద్నాలుగు వారాలు. జట్టు మొత్తం తార్నాక మెట్రోలో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకే లైను. నేల సిమెంటే కానివ్వండి, ముందు రింగులకు నెట్‌లు కట్టండి. రిఫరీలకు ఫీజు, ఒక ఫిజియో, ఐసు పెట్టె. పరీక్షలుంటాయని అంటారు. స్పెయిన్‌లోనూ జర్మనీలోనూ రెండో డివిజన్ ఆటగాళ్లు పరీక్షలు రాస్తూనే ఆడుతున్నారు. తేదీ ముందే తెలిస్తే పరీక్షకూ సిద్ధం కావచ్చు, మ్యాచ్‌కూ సిద్ధం కావచ్చు. తేదీ తెలియకపోతే దేనికీ కుదరదు.

మొన్న వాన వెలిశాక కోర్టు మీద నీళ్లు నిలిచాయి. కుర్రాళ్లు పాత ఫ్లెక్సీ ముక్కతో నీళ్లు తోసేసి, ఎండ తగిలే సగం కోర్టులో ఆడారు. ఆట అయ్యాక మా వాడు ఎప్పట్లానే అంచున కూర్చుని కట్టు విప్పుతున్నాడు. బట్ట సాగిపోయి అంచులు దారాలు దారాలుగా ఊడుతోంది. యూరప్ ముచ్చట్లు చాలాసేపు విన్నాడు, మధ్యలో రెండు మూడు ప్రశ్నలు కూడా అడిగాడు. లేవబోతూ నేనడిగాను, "నీ తర్వాతి మ్యాచ్ ఎప్పుడు?"

చుట్టిన కట్టును సంచీలో పెట్టుకుంటూ అన్నాడు: "నోటిఫికేషన్ పడాలె సార్."

మ్యాచ్ గురించి అన్నాడో రైల్వే ఉద్యోగం గురించి అన్నాడో నేను మళ్లీ అడగలేదు.